తప్పు డోలుది కాదు, గదిది

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుంటే చదువు గురించో, హాజరు గురించో, ఫోన్లు పక్కన పెట్టమనో చెబుతుందని మీరు అనుకుని ఉంటారు. ఈ పూట అవేవీ చెప్పం. పాటలు సరిచేసే చిన్న గదిలో స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, బాస్ మనల్ని ఎందుకు మోసం చేస్తుంది అన్న సంగతి మాట్లాడతాం. మీలో చాలా మంది దగ్గర ఇప్పుడు ల్యాప్‌టాపో, ఒక మైకో ఉంది. రేల పాటలు, కొమ్ము డోలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. మంచి పని. ఆ పనిలో మేము ఒక తప్పు చేశాం. అదే తప్పు మీరు చేయకూడదని ఈ మాటలు.

మేము అంటే ఎవరో ముందు చెప్పాలి. భద్రాచలం ఏజెన్సీలో ఒక ఆడపిల్లల హాస్టల్. దాని వార్డెన్, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆరుగురు, డిప్లొమా చదివి తిరిగొచ్చిన ఒక పాత విద్యార్థిని. మా స్టూడియో అంటే ఆఫీసు పక్కన ఖాళీగా ఉన్న స్టోరు గది. మా పరికరాలంటే పాత విద్యార్థిని తెచ్చిన ల్యాప్‌టాపు, రెండు మైకులు పెట్టుకునే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు, రెండు ఐదంగుళాల స్టూడియో స్పీకర్లు. మాలో ఎవరికీ సౌండ్ ఇంజినీరింగ్ రాదు. బీఈడీలో నేర్చుకున్న ఫిజిక్స్ పాఠం ఒక్కటే మాకు దిక్కయింది.

మేము చేసిన తప్పు

పక్క ఊళ్లో డోలు వాయించే పెద్దాయన ఉన్నారు. పిల్లలంతా తాత అంటారు. ఒక వైపు పుల్లతో, ఒక వైపు అరచేత్తో వాయిస్తారు. ఆయన్ను బతిమాలి, ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టి, ఆయనతోపాటు ఇంకో డోలు, నలుగురు ఆడవాళ్ల రేల పాట కలిపి రికార్డు చేశాం. వాయించే ముందు ఆయన అరగంట సేపు డోలు చర్మాన్ని మంట సెగకు కాచారు. వేలితో కొట్టి చూడడం, మళ్లీ కాచడం. పిల్లలు విసుక్కుంటే, "గొంతు రావాల బిడ్డా" అన్నారు. ఆ మాట గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

రికార్డింగు బాగా వచ్చింది. ల్యాప్‌టాపు స్టోరు గదికి తెచ్చి వింటే మాత్రం డోలు దద్దరిల్లిపోయింది. అరచేతి దెబ్బ పడ్డప్పుడల్లా "బూం" అని ఒకటే మోత. ఆ మోతలో ఆడవాళ్ల గొంతులు మునిగిపోయాయి. బాస్ ఎక్కువైందని అనుకున్నాం. ఈక్వలైజర్ తెరిచి కింది స్థాయిలు తగ్గించాం. మళ్లీ విన్నాం, మళ్లీ తగ్గించాం. మోత పోయి పాట స్పష్టంగా వినబడేదాకా తగ్గించి, చాలా సంతోషపడ్డాం.

సంఘం వార్షికోత్సవం రోజు మైదానంలో పెద్ద బాక్సుల మీద ఆ పాట వేశారు. డోలు లేదు. పుల్ల దెబ్బ టకటకమంటోంది, అరచేతి దెబ్బ మాయమైంది. పెద్దాయన ముందు వరుసలోనే కూర్చున్నారు. కోప్పడలేదు. పాట అయ్యాక పిల్లల్ని పిలిచి, "ఇది మన డోలు కాదు బిడ్డా. డబ్బా కొడతన్నట్టుంది" అన్నారు.

అరగంట సేపు మంట దగ్గర కాచి తెచ్చిన గొంతును మేము ఒక స్టోరు గదిలో కూర్చుని కోసేశాం. పిల్లలు ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

తాత గది చూశారు

వారం తర్వాత ఆయన్నే హాస్టల్‌కు రమ్మని అడిగాం. ఏమీ మార్చని మొదటి రికార్డింగు వేశాం. మా కుర్చీ వెనక గోడకు ఆనించి ఉంది. స్పీకర్లు ఎదురు గోడ మూలల్లో, రెండు స్టీలు బీరువాల మీద ఉన్నాయి. ఆయన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నాం. కాసేపు విని లేచారు. గది మధ్యకు నడిచారు. అక్కడ ఆగి, వెనక్కి వచ్చారు. మళ్లీ మధ్యకు. తర్వాత ఒక మూలకు వెళ్లి తల వంచి విన్నారు.

"మూలన ఉంది డోలు. ఇక్కడ లేదు" అన్నారు, గది మధ్యలో నిలబడి.

మేమూ ఒక్కొక్కరం నడిచి చూశాం. నిజమే. గోడ దగ్గర మోత, మధ్యలో బోలు, మూలన గర్జన. పాట ఒకటే, స్పీకర్లు కదల్లేదు, వాల్యూమ్ మారలేదు. మేము విన్న "ఎక్కువ బాస్" రికార్డింగులో లేదు. గది కలిపిన బాస్ అది. గది కలిపిన దాన్ని తీసేయబోయి డోలులో ఉన్నదాన్ని తీసేశాం. మైదానంలో గోడల్లేవు కాబట్టి కలిపేవాళ్లు లేరు. తీసేసింది తీసేసినట్టే వినబడింది.

బకెట్టు నీళ్ల లెక్క

ఇది ఎందుకు జరుగుతుందో పిల్లలకు బోరింగు దగ్గర చెప్పాం. నిండు బకెట్టు పట్టుకుని నడుస్తుంటే, ఒక రకమైన అడుగు వేగానికి నీళ్లు అటు ఇటు ఊగి అంచు దాటి ఒలుకుతాయి. నడక వేగం మారిస్తే ఒలకవు. ఒలికేటప్పుడు జాగ్రత్తగా చూడండి. నీళ్లు అంచుల దగ్గర ఎత్తుగా లేచి పడుతుంటాయి, సరిగ్గా మధ్యలో మాత్రం పెద్దగా కదలవు.

గదిలో గాలి కూడా అంతే. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు, అంటే సుమారు 1130 అడుగులు ప్రయాణిస్తుంది. మన ఎండలకు ఇంకొంచెం ఎక్కువే. తక్కువ స్థాయి శబ్దాలకు తరంగం చాలా పొడుగు. 56 హెర్ట్జ్ శబ్దం తరంగం 20 అడుగులుంటుంది. అందులో సగం 10 అడుగులు. 10 అడుగుల గదిలో ఆ తరంగం సగం సరిగ్గా రెండు గోడల మధ్య పట్టేస్తుంది. అప్పుడు బకెట్టు నీళ్లలాగే గది ఊగుతుంది. గోడల దగ్గర శబ్దం ఎత్తు, మధ్యలో దాదాపు సున్నా.

లెక్క సులువు. 565ను గది పొడవు అడుగులతో భాగించండి. 10 అడుగులకు 56, 12 అడుగులకు 47, 14 అడుగులకు 40. దాని రెట్టింపు, మూడింతల దగ్గర కూడా గది ఊగుతుంది. వెడల్పుకు వేరే లెక్క, ఎత్తుకు వేరే లెక్క చేయాలి.

ఇప్పుడు మా గది చూడండి. పొడవు 10 అడుగులు, వెడల్పు 10 అడుగులు, స్లాబు ఎత్తు కూడా 10 అడుగులు. మూడు వైపులా అదే 56. మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పెద్దాయన అరచేతి దెబ్బ కూడా దాదాపు అక్కడే ఉంది. అందుకే ఆ ఒక్క దెబ్బే అంత మోగింది. గది ఎంచుకునే వీలుంటే చదరపు గది వద్దు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వేరువేరుగా ఉన్నది తీసుకోండి. మాకు ఆ వీలు లేదు, ఉన్న గదినే దారికి తెచ్చుకున్నాం.

కుర్చీ ముందు, స్పీకర్లు తర్వాత

మొదట చేయాల్సింది డబ్బు లేని పని. కుర్చీ జరపాలి. వెనక గోడకు ఆనుకుని కూర్చోకండి, బాస్ ఎక్కువ వినిపించి తగ్గించేస్తారు. గది సరిగ్గా మధ్యలోనూ కూర్చోకండి, బాస్ లేదనిపించి పెంచేస్తారు. స్పీకర్ల వెనకున్న ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరం మొదలుపెట్టడానికి మంచి చోటు. 10 అడుగుల గదిలో అది 3 అడుగుల 10 అంగుళాలు. అది చివరి మాట కాదు. అక్కణ్నుంచి కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి జరుగుతూ విని ఖాయం చేసుకోండి. గది పొడుగ్గా ఉంటే పొడవు వైపుకు చూస్తూ కూర్చోండి. ఎడమ గోడకు, కుడి గోడకు సమానమైన దూరం ఉండాలి. ఒక చెవి వైపు గోడ, ఇంకో చెవి వైపు తెరిచిన తలుపు ఉంటే ఎడమ కుడి ఎప్పటికీ కుదరవు.

తర్వాత స్పీకర్లు. ముగ్గు వేసేటప్పుడు దారం పట్టుకుంటాం కదా, అలాగే ఒక దారం తీసుకోండి. స్పీకర్‌కు స్పీకర్‌కు మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకర్ నుంచి మీ తలకు అంతే దూరం. మూడు భుజాలూ సమానమైన త్రిభుజం. మా గదిలో ఆ దారం మూడుంపావు అడుగులు వచ్చింది. స్పీకర్‌లో పైనుండే చిన్న గిన్నె చెవి ఎత్తుకు రావాలి, ముఖం మీ వైపు తిరిగి ఉండాలి. బీరువా మీద పెడితే చెవికి అందదు, పైగా బీరువా కూడా మోగుతుంది. మేము సిమెంటు ఇటుకలు పేర్చి, పైన పాత చెప్పుల రబ్బరు ముక్కలు వేసి, వాటి మీద స్పీకర్లు పెట్టాం.

మూల మాత్రం వద్దు. ఒక గోడ దగ్గరుంటే ఆ గోడ బాస్‌ను బలపరుస్తుంది. మూలన రెండు గోడలు, వాటికి నేలో స్లాబో తోడవుతుంది. మూలన స్పీకర్ పెట్టి బాస్ ఎక్కువైందని బాధపడడం పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ మాడిందని ఏడవడమే.

ఇక్కడ మేము రెండో తప్పు చేశాం. మూల వద్దన్నారు కదా అని స్పీకర్లను గోడ నుంచి 3 అడుగులు ముందుకు లాగాం. ఈసారి డోలులో ఇంకో దెబ్బ పోయింది! కారణం ఊయలతో చెప్పొచ్చు. ఊగుతున్న ఊయలను సరైన సమయానికి నెడితే ఎత్తుకు పోతుంది, ఎదురొచ్చేటప్పుడు నెడితే ఆగిపోతుంది. స్పీకర్ నుంచి బాస్ ముందుకే కాదు, వెనక్కీ పోతుంది. వెనక గోడకు తగిలి తిరిగొచ్చేసరికి ఒక స్థాయి శబ్దం సరిగ్గా ఎదురుగా వచ్చి అసలు శబ్దాన్ని ఆపేస్తుంది. దీనికీ లెక్క ఉంది. 282ను, స్పీకర్ ముందు ముఖం నుంచి వెనక గోడకున్న దూరంతో భాగించండి. 3 అడుగులకు 94 హెర్ట్జ్. 2 అడుగులకు 141. అవన్నీ డోలు బతికే చోట్లే. 1 అడుగుకు 282. అక్కడికి వచ్చేసరికి స్పీకర్ శబ్దం వెనక్కి పోయేది తగ్గుతూ వస్తుంది. ఆ మాత్రం దాన్ని గోడ మీద మందంగా ఒక పరుపు తగిలిస్తే మింగేస్తుంది కూడా.

కాబట్టి చిన్న గదిలో స్పీకర్లను సగం దూరం లాగి వదిలేయడం కన్నా ముందు గోడకు దగ్గరగా పెట్టడమే మేలు. దగ్గర పెడితే బాస్ కాస్త పెరుగుతుంది, నిజమే. చాలా స్టూడియో స్పీకర్ల వెనక దాన్ని తగ్గించే చిన్న స్విచ్చు ఉంటుంది. అది అందుకే ఇచ్చారు. స్పీకర్ వెనక గాలి రంధ్రం ఉన్న రకమైతే గోడకు తాకించకుండా నాలుగంగుళాలైనా వదలండి.

కోడిగుడ్ల అట్టల కథ

హాస్టల్ కదా, మెనూలో గుడ్లు ఉంటాయి, అట్టలకు కొదవలేదు. ఎవరో వీడియోలో చూసి పిల్లలు గోడ నిండా గుడ్ల అట్టలు అతికించారు. రెండు ఆదివారాలు పట్టింది. చప్పట్లు కొడితే గది కాస్త మెత్తబడ్డట్టు అనిపించింది. డోలు మోత మాత్రం అంగుళం తగ్గలేదు.

తగ్గదు. 20 అడుగుల తరంగాన్ని అంగుళంన్నర అట్ట ఏం ఆపుతుంది? వరదకు జల్లెడ అడ్డం పెట్టినట్టు. మార్కెట్‌లో అమ్మే అంగుళం ఫోము కూడా అంతే. కీచు శబ్దాలను తింటుంది, బాస్‌ను తాకదు. దాంతో గది ఇంకా చెడుతుంది, ఎందుకంటే పై శబ్దాలు పోయి కింది మోత ఒక్కటే మిగులుతుంది. ఇంకో మాట వార్డెన్‌గా చెప్పాలి. కాగితం అట్టలు తొందరగా అంటుకుంటాయి. స్విచ్‌బోర్డు పక్కన అవి అతికించి ఉండటం చూసి మాకు గుండె ఆగినంత పనైంది. ఆ సాయంత్రమే అన్నీ పీకించాం.

బాస్‌ను మింగాలంటే మందం కావాలి, అదీ మూలల్లో కావాలి. గది ఊగేటప్పుడు శబ్దం మూలల్లోనే ఎక్కువ పోగవుతుందని తాత నడిచి చూపించారు కదా. డబ్బుంటే నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం రాక్‌వూల్ పలకలు కొని, బట్టలో కుట్టి, మూలల్లో అడ్డంగా నిలబెట్టాలి. వాటిని కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. మా దగ్గర డబ్బు లేదు. స్టాకు రిజిస్టరులో కండెమ్ రాసి, అనుమతి తీసుకున్న పాత దూది పరుపులు ఉన్నాయి. వాటిని ఎండబెట్టి, గట్టిగా చుట్టి, ఒకదాని మీద ఒకటి నాలుగు మూలల్లోనూ నేల నుంచి స్లాబు దాకా నిలబెట్టాం. కరెంటు తీగలకు, బల్బులకు దూరంగా. మోత పూర్తిగా పోలేదు. 10 అడుగుల చదరపు గదిలో పూర్తిగా పోదు కూడా. కానీ దెబ్బ పడ్డాక మోత సాగుతూ పోవడం తగ్గింది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీ వినబడింది.

గ్రాఫు కాగితం మీద గది

చెవి ఒక్కటే నమ్మితే రోజుకో మాట చెబుతుంది. అందుకే కొలిచాం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ స్థాయి శబ్దమైనా తయారు చేసుకోవచ్చు. 30 హెర్ట్జ్ నుంచి 200 దాకా ఐదైదు పెంచుకుంటూ ఒక్కో శబ్దం వేశాం, తక్కువ వాల్యూమ్‌లోనే. తల ఉండే చోట ఫోన్ పెట్టి, శబ్దం కొలిచే యాప్‌లో వచ్చిన అంకెను ఎనిమిదో తరగతి పిల్లలు గ్రాఫు కాగితం మీద పెట్టారు. ఫోన్ మైకు కింది స్థాయిల్లో సరైన అంకె చెప్పదు. అయినా అదే ఫోన్‌తో కుర్చీ పాత చోటు, కొత్త చోటు పోల్చుకోవడానికి పనికొస్తుంది. కొలత మైకు ఎవరి దగ్గరైనా దొరికితే ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం గీత ఒక్కసారే గీసి పెడుతుంది.

పాత కుర్చీ చోట 55 దగ్గర కాగితం దాటే కొండ వచ్చింది. కొత్త చోట, పరుపులు పెట్టాక, ఆ కొండ గుట్ట అయింది. పిల్లలు రెండు గీతలనూ గోడకు అంటించారు. అదే కొలతలో ఇంకో దొంగ దొరికాడు. 90 దాటాక గదిలో ఏదో జరజరమంది. వెతికితే పక్కన పేర్చిన ట్రంకు పెట్టెలు. అవి బయటికి పంపాం. మీ ఇళ్లల్లో స్టీలు సామాను స్టాండు, కిటికీ రెక్క, రేకు కప్పు ఇలాగే చేస్తాయి.

గీత చూశాక ఈక్వలైజర్‌తో గదిని సరిచేద్దామనిపిస్తుంది. స్పీకర్లకు వెళ్లే శబ్దంలో కొండను కొంచెం తగ్గించవచ్చు. గోతిని మాత్రం పూడ్చబోకండి. అక్కడ శబ్దం రెండు వైపుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటోంది. మీరు ఎంత పోస్తే అంతా కొట్టేసుకుంటుంది, స్పీకర్ మాత్రం కాలిపోతుంది. గోతికి మందు కుర్చీ జరపడం, స్పీకర్ జరపడం, అంతే. ఇంకో జాగ్రత్త. గది కోసం చేసిన సవరణ స్పీకర్ల దారిలోనే ఉండాలి, పాట ఫైలులోకి రాకూడదు.

వాల్యూమ్ గురించి ఒక్క మాట. చిన్నగా పెడితే మన చెవికి బాస్ తక్కువ వినబడుతుంది, పెద్దగా పెడితే ఎక్కువ. అది చెవి స్వభావం. పొద్దున చిన్నగా, రాత్రి పెద్దగా పెట్టి పని చేస్తే రెండు రకాల డోళ్లు వస్తాయి. వాల్యూమ్ బటన్ దగ్గర పెన్నుతో ఒక గీత పెట్టుకోండి, ఎప్పుడూ అక్కడే పని చేయండి. చివరగా హెడ్‌ఫోన్‌లో, ఫోన్‌లో, ఊళ్లో ఆటో స్పీకర్‌లో, వీలైతే ఆరుబయట పెద్ద బాక్సుల మీద వినండి. హెడ్‌ఫోన్‌కు గది లేదు, అందుకని అది మంచి సాక్షి. నాలుగు చోట్లా డోలు డోలులా ఉంటే మీ గది దారికొచ్చినట్టు.

ఇదంతా ఎందుకు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక డోలు దెబ్బకు ఇంత కష్టమా అని మీకు అనిపించవచ్చు. డీజే వద్దని చెప్పడానికి మేము రాలేదు. పెళ్లికి డీజే పెట్టుకోండి, ఆడండి. అక్కడ బాస్ ఎక్కువైతే కిటికీలు అదురుతాయి, పెద్దవాళ్లు తిడతారు, తెల్లారితే అయిపోతుంది. పెద్దల పాట రికార్డు చేయడం అలాంటిది కాదు.

మన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడిన మనిషి. 2024లో ఆయన వెళ్లిపోయారు. అలాంటి మనిషి పోయాక పుట్టే పిల్లలకు ఆ డోలు ఎలా ఉండేదో చెప్పేది రికార్డింగు ఒక్కటే. దానిలో అరచేతి దెబ్బ లేకపోతే, డోలంటే డబ్బా చప్పుడే అని వాళ్లు నేర్చుకుంటారు. తప్పని చెప్పడానికి అప్పుడు తాత ఉండరు.

మా అదృష్టం ఏమిటంటే మొదటి రికార్డింగును చెరిపేయలేదు. ఏమీ మార్చని ఫైలు పాత విద్యార్థిని వేరే డిస్కులో దాచింది. అది లేకపోతే ఈ ప్రసంగమే లేదు. మీరు ఏ పాట రికార్డు చేసినా, ముట్టుకోని ఫైలు రెండు చోట్ల దాచండి. ఎవరు వాయించారు, ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సందర్భం, ఏ తేదీ, రాసి పెట్టండి. ఇలవేల్పుల దగ్గర పాడే పాటలైతే బయట పెట్టవచ్చో లేదో ముందు పెద్దల్ని అడగండి. వద్దంటే వద్దు. రికార్డు చేయనివ్వడం వేరు, ఊరందరికీ వినిపించనివ్వడం వేరు.

రెండోసారి పాట సరిచేశాక పెద్దాయన్ను మళ్లీ పిలిచాం. ఈసారి కుర్చీ గోడ దగ్గర లేదు. ఆయన కూర్చున్నారు, పిల్లలు నేల మీద కూర్చున్నారు. పాట మొదలైంది. ఆయన కళ్లు మూసుకోలేదు, తల ఊపలేదు. మాకు భయం పట్టుకుంది. సగం పాటలో ఉన్నట్టుండి నవ్వారు.

"ఆడ మా బావమరిది దెబ్బ తప్పిండు" అన్నారు.

మళ్లీ వేసి విన్నాం. నిజంగానే రెండో డోలు అరచేతి దెబ్బ ఒకటి ఆలస్యంగా పడింది. అన్ని నెలలు ఆ పాట విన్నాం, ఒక్కరికీ వినబడలేదు. గది మోతలో అది మునిగి ఉంది, తర్వాత మా కోతలో పోయింది. ఇప్పుడు బయటికొచ్చింది. ఒక పిల్ల, "కంప్యూటర్లో సరిచేయమంటారా తాతా?" అని అడిగింది.

"ఎందుకు బిడ్డా? ఆ రోజు అట్టనే వాయించిండు. ఉండనీ" అన్నారు.

ఉంచాం. ఈ సంచిక కోసం సంఘానికి ఇచ్చిన పాటలో ఆ తప్పిన దెబ్బ అలాగే ఉంది. వినేటప్పుడు మీకు అది వినబడితే మీ గది బాగున్నట్టు. వినబడకపోతే డోలును అనకండి, లేచి కుర్చీ జరపండి.

 మా స్టోరు గది చూడాలనుకునేవాళ్లు ఆదివారం పగటిపూట, ముందుగా చెప్పి రండి. కొలిచే టేపు మా దగ్గర ఉంది, దారం మీరు తెచ్చుకోండి. సెలవు. జై ఆదివాసీ.